వాన పైపులో ఎర్రరంగు

ఆవిడ చేసే ఉద్యోగం ఏమిటో మొదటిసారి విన్నవాళ్ళు ఓ పట్టాన నమ్మరు. పొద్దున తొమ్మిదింటికల్లా ఎవరిదో ఒకరి తలుపు కొట్టాలి. "మురుగు ఆఫీసు నుంచండీ. మీ బాత్రూమ్ ఎటువైపు?" అని అడగాలి. వాళ్ళు మొహం అదోలా పెట్టి చూపించిన వైపు నడిచి, సంచీలోంచి డబ్బా తీసి, చెంచాడు రంగుపొడి కమోడ్‌లో వేసి నీళ్ళు వదలాలి. అంతే! దానికి నెల జీతం. "భలే హాయైన పని" అని వెటకారమాడే పెద్దమనుషులు ఒక్కరోజు ఆ సంచీ భుజాన వేసుకుని తిరిగితే తెలుస్తుంది, ఎంత హాయో.

సంగతేమిటంటే, ఆ ఊళ్ళో ప్రతి వీధి కిందా రెండు పైపులున్నాయి. ఒకటి మురుగుది. అది ఊరవతల శుద్ధి కేంద్రానికి పోతుంది. రెండోది వాననీటిది. అది తిన్నగా వాగులోకి పోతుంది. ఇంటి పైపును మొదటిదానికి కలపాలి. తొందరలోనో, తెలియకో, తవ్వే శ్రమ తప్పుతుందనో రెండోదానికి కలిపేశారా, ఇక ఆ ఇంటి మురుగంతా వాగులోకే. రోడ్డు మీద నిలబడి చూస్తే ఎవరి పైపు ఎటు పోతోందో ఎంత చదువుకున్న ఇంజినీరుకైనా తెలియదు. రంగు పోస్తే తెలుస్తుంది. పదేళ్ళుగా ఒక్కో వీధికీ కొత్త మురుగు పైపు వేసుకుంటూ వస్తున్నారు. ఐదేళ్ళుగా ఆవిడ ఆ వీధులన్నీ తిరుగుతూ రంగు పోస్తోంది. పిల్లలు పెట్టిన పేరు రంగుల పిన్ని. పెద్దవాళ్ళు కూడా అదే ఖాయం చేశారు.

పోసేది ఆవిడ. చూసేది ఇంకొకాయన. ఆయన వీధి చివర మురుగు మ్యాన్‌హోల్ మూత ఎత్తి, మోకాళ్ళ మీద కూర్చుని, టార్చి వేసుకుని లోపలికి చూస్తుంటాడు. అందరూ మూతలాయన అంటారు. ఆవిడ మాత్రం అన్నయ్యగారూ అంటుంది, ఎందుకంటే ఆయన ఆవిడ భర్తకి చిన్ననాటి స్నేహితుడు. ఇద్దరి మధ్యా ఫోను. "పోశాను" అంటుంది ఈవిడ. పది నిమిషాల్లోపు "వచ్చింది" అన్నాడా, ఆ ఇంటి పైపు సరిగ్గా ఉన్నట్టు. "రాలేదు" అంటే రంగు వాన పైపులోకి పోయినట్టు, ఆ ఇంటివాళ్ళ నేల పగలక తప్పనట్టు. రోజుకి పాతిక సార్లు ఫోన్లో మాట్లాడుకునే ఆ ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి మాట్లాడుకున్న సందర్భాలు మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

ఆ పది నిమిషాలూ ఆవిడ ఎక్కడుంటుందంటారా? బాత్రూమ్ గుమ్మంలోనే. ఆ పనికొచ్చిన మనిషికి కుర్చీ వేసేవాళ్ళెవరు? కొందరైతే ఆవిడ వెళ్ళగానే తలుపు గడియ తుడుచుకుంటారు. ఆవిడ చూసీ చూడనట్టు ఊరుకుంటుంది. తడి తువ్వాళ్ళ మధ్య, సబ్బు వాసనలో నిలబడి లోపలి గదుల్లోంచి వచ్చే మాటలు వింటుంది. వాళ్ళు కాసేపటికి ఆవిడ ఉందన్న సంగతే మరిచిపోతారు. తాళం చెవులు ఎక్కడ పెట్టావని ఒకరు, నన్నడుగుతావేమని ఒకరు, లెక్కలు తప్పు చేశావని పిల్లాడి వీపు మీద ఒకటి. ఆ గోల ఆవిడకి ప్రాణం. నిజం చెప్పాలంటే, రంగు కాస్త ఆలస్యంగా వస్తే బావుండునని కూడా అనుకునేది. సాయంత్రం ఆవిడ ఇంటికి వెళ్ళి తాళం తీస్తే, లోపల తాళం చప్పుడు తప్ప మరొకటి ఉండేది కాదు మరి.

భర్త పోయి ఆరేళ్ళయింది. పిల్లల్లేరు. ఆయన ప్లంబరు. వాళ్ళ సందులో ఇరవై మూడు ఇళ్ళుంటే, ఇరవై మూడూ కొత్త మురుగు పైపుకి కలిపింది ఆయనే. అలాంటిలాంటి పనివాడు కాదు. పైపు వాలు సరిగ్గా లేదనిపిస్తే, వేసిందంతా పీకి మళ్ళీ మొదటినుంచి వేసే రకం. "మీ ఆయన వేసిన పైపమ్మా, ఇన్నేళ్ళలో ఒక్కసారి అడ్డుపడితే ఒట్టు" అని సందులో ఎవరో ఒకరు అనేవారు. ఎదురింటి టీచరమ్మ అయితే వచ్చిన చుట్టాలకి కూడా చెప్పేది, వాళ్ళకెందుకో ఆ గొడవ! ఆ ఒక్క మాట చెవిన పడితే ఆవిడకి ఆ పూట అన్నం సయించేది. మనిషి పోయాడు. పేరు మిగిలింది. ఆవిడకి ఉన్న ఆస్తి, తోడు, బంధుబలగం అన్నీ ఆ పేరే.

ఇలా ఉండగా ఆ ఏడు ఎండాకాలంలో ఒకరోజు ఇంజినీరమ్మ కబురు పెట్టింది. ముప్పై ఏళ్ళు కూడా నిండని పిల్ల, కానీ పనిలో మహా గట్టిది. టేబుల్ మీద వాగు నీళ్ళ సీసాలు వరసగా పెట్టుకుని కూర్చుంది.

"పిన్నిగారూ, ఊళ్ళో అన్ని చోట్లా వాగు నీళ్ళు బాగుపడ్డాయి. ఒక్క మీ సందు దగ్గరే పరీక్షలో తప్పుతోంది. మీ సందు వెనక వాన పైపు నోరు చూసొచ్చాను. మూడు నెలలుగా చినుకు లేదు కదా, ఎండిపోయి ఉండాలి. రోజూ పొద్దున్నే తడిగా ఉంటోంది. ఏదో ఒక ఇల్లు తప్పుగా కలిసింది."

"మా సందులోనా! ఉండదండీ. అన్నీ మా ఆయన వేసినవే."

"కావచ్చు. అయినా ఇరవై మూడూ మళ్ళీ చూడండి."

ఉండదండీ అని గట్టిగా అందే గానీ, బయటికొచ్చేసరికి ఆవిడకే ఆ మాట మీద నమ్మకం లేదు. ఎందుకంటే ఆవిడ కడుపులో ఒక చిన్న దొంగతనం దాక్కుని ఉంది. రెండేళ్ళ కిందట ఆ సందులో రంగు పరీక్ష జరిగినప్పుడు ఇరవై రెండు ఇళ్ళకే రంగు పోసింది. ఇరవై మూడోది తన ఇల్లు. ఆయన తన ఇంటికి తాను వేసుకున్న పైపుకి మళ్ళీ పరీక్షా, అంతకంటే అవమానం ఉందా అనుకుంది. వంటింటి బల్ల మీద కూర్చుని ఫారం నింపేసి, సంతకం పెట్టి, మర్నాడు మూతలాయనకి ఇచ్చింది. ఆయన కూడా కిక్కురుమనకుండా "వచ్చింది" అన్న గడిలో సంతకం పెట్టేశాడు. ఐదేళ్ళ ఉద్యోగంలో ఆవిడ చూడకుండా రాసిన ఇల్లు అదొక్కటే.

రెండు రోజుల్లో ఇరవై రెండు ఇళ్ళూ మళ్ళీ చూశారు. ఇరవై రెండింటికీ "వచ్చింది". ఒక్కో "వచ్చింది"కీ ఆవిడ గుండె ఒక్కో మెట్టు దిగింది. ఎవరో ఒకరి ఇల్లు తప్పితే బావుండునని, పరాయివాళ్ళ నేల పగిలితే బావుండునని కోరుకుంది. అలా కోరుకున్నందుకు తనని తానే తిట్టుకుంది కూడా. మూడోరోజు పొద్దున తన వంటింట్లో నిలబడి ఫోన్ చేసింది.

"అన్నయ్యగారూ, ఇవాళ ఒక్కటే ఉంది. మా ఇల్లు."

"అది చూశాం కదా, చెల్లెమ్మా."

"చూడలేదు. ఆ సంగతి మీకూ తెలుసు, నాకూ తెలుసు."

"ఇప్పుడు అవసరమంటావా?"

"మూత ఎత్తండి."

ముందు వీధివైపు బాత్రూమ్‌లో ఆకుపచ్చ రంగు పోసింది. ఆరు నిమిషాలకి వచ్చింది. ఇక వెనకది. వెనక పడగ్గదికి ఆనుకుని నాలుగడుగుల గది అది. భర్త జబ్బుపడి వీధివైపు దాకా నడవలేకపోయిన ఏడాది, తన చేతులతో తానే కట్టుకున్నాడు. మూడు ఇటుకలు పేర్చి ఒకసారి, ఊపిరి పీల్చుకుని మరోసారి, అలా కట్టాడు. అప్పటినుంచి ఆవిడ వాడేది ఆ గదే. ముందు వైపుదానికి తాళం వేసినా తెలియదు. ఆవిడ ఎర్రరంగు పోసి నీళ్ళు వదిలి, "పోశాను" అంది.

రెండు నిమిషాలు కాలేదు. "వచ్చింది, వచ్చింది" అన్నాడు మూతలాయన.

అమ్మయ్య! ఆవిడకి ప్రాణం లేచొచ్చింది. ఇంజినీరమ్మకి ఏం చెప్పాలో, ఎంత గట్టిగా చెప్పాలో కూడా అనుకుంటూ, రంగంటిన చెంచా కడుగుదామని పెరట్లో కుళాయి దగ్గరికి వెళ్ళింది. పెరటి గోడ అవతలే వాగు. ఎండకి సన్నబడి, రాళ్ళ మధ్య దారి వెతుక్కుంటూ పోతోంది. వాన పైపు నోట్లోంచి ఎర్రటి చార ఒకటి దిగి, నీళ్ళలో కలిసి, అప్పుడే నాలుగు బారల దూరం పాకింది. ఆవిడ కుళాయి కట్టకుండా అలాగే వదిలేసింది. ముందు వైపునుంచి రావడానికే ఆరు నిమిషాలు పడితే, ఇల్లంతా దాటి రావాల్సిన వెనక రంగు రెండు నిమిషాల్లో ఎలా వస్తుందని అప్పుడు తట్టింది.

సందు చివరికి ఎలా నడిచిందో ఆవిడకే తెలియదు. మూతలాయన మూత పక్కనే చతికిలబడి ఉన్నాడు. టార్చి ఆర్పేసి ఉంది.

"వాగు ఎర్రబడింది, అన్నయ్యగారూ."

ఆయన తలెత్తలేదు.

"మీకు ఇక్కడ ఏం కనిపించింది? ఈ ఐదేళ్ళలో ఎన్ని ఇళ్ళకి రానిది వచ్చిందన్నారు?"

"ఒట్టు, చెల్లెమ్మా. నీకొక్కదానికే."

ఆ మాటతో కోపం రావాలి. కోపానికి బదులు ఆవిడకి ఏడుపొచ్చింది. ఏడిస్తే సందంతా చూస్తుందని పళ్ళు బిగబట్టుకుని నిలబడింది. ఆయన నేల చూపులు చూస్తూనే చెప్పుకొచ్చాడు.

"ఆ వెనక గదికి గుంట తవ్వింది నేనే. వాడు తెలియక కలపలేదు. మురుగు పైపు వీధివైపుంది. అక్కడిదాకా తేవాలంటే ఇల్లంతా తవ్వాలి. వాడికి ఓపిక ఎక్కడిది? వాన పైపు రెండు మూరల్లో ఉంది. 'నాకు మహా అయితే ఆర్నెల్లురా. అదొక్కతే నన్ను వీధివైపు దాకా మొయ్యలేదు. రాత్రనక పగలనక మోసి మోసి దాని నడుం విరుగుతోంది' అన్నాడు. కలిపాక నా చెయ్యి పట్టుకున్నాడు. 'నేను పోయిన వారంలోపు వచ్చి దీన్ని మూసెయ్. దానికి చెప్పకు. నా పనిలో తప్పుందంటే తట్టుకోలేదు' అన్నాడు. సరేనన్నాను."

"వారమా? ఆరేళ్ళయింది!"

"రెండుసార్లు వచ్చాను. గునపం కూడా తెచ్చుకున్నాను. గేటు దాకా వచ్చేసరికి ఎదురింటి వాకిట్లో నలుగురు కూర్చుని చూస్తున్నారు. ఆడమనిషి ఒక్కతే ఉన్న ఇల్లు. రోజంతా లోపల ఉండి చెయ్యాల్సిన పని. నాదేముంది, దులుపుకుని పోతా. నిన్నేమంటారోనని వెనక్కి తిరిగాను. ఆలస్యమైన కొద్దీ ఇక మొహం చెల్లలేదు."

ఇదండీ సంగతి! వాగు పాడవడానికి పెద్ద పెద్ద కారణాలు చెబుతుంటారు గానీ, అక్కడ కారణం ఒక మగమనిషి మొహమాటం. వినగానే ఆవిడకి ఇందాక రావాల్సిన కోపం ఇప్పుడొచ్చింది. ఎంత కోపమంటే, మీరు కాస్తా నువ్వయిపోయింది.

"అన్నయ్యా అని పిలిచాను కదా నిన్ను! ఆ పిలుపు దేనికి మరి? ఎవరేమనుకుంటారోనని నువ్వు గేటు దగ్గరే ఆగిపోయావు. నా ఇంటి మురుగు ఆగిందా? రోజూ పొద్దున్నే పోయి వాగులో కలిసింది. ఆరేళ్ళు! ఈ ఆరేళ్ళలో నా తలుపు కొట్టినవాళ్ళు ఎవరో తెలుసా? ఎవరూ లేరు. నేను ఊరందరి తలుపులూ కొడతాను, నా తలుపు కొట్టేవాళ్ళు లేరు. నువ్వు గునపం పట్టుకుని వచ్చి నేలంతా పగలగొట్టినా సంతోషించేదాన్ని."

ఆయన కళ్ళు తుడుచుకుని మెల్లగా అన్నాడు. "జరిగిందేదో జరిగింది. ఇప్పుడు వచ్చిందనే రాసెయ్యి. ఈ ఆదివారం నేనొచ్చి మూసేస్తా. మూడో కంటికి తెలియదు. వాగూ బాగుపడుతుంది, వాడి పేరూ నిలబడుతుంది."

అబద్ధం ఎందుకు, ఆవిడ రాసేద్దామనే అనుకుంది. ఆయన పక్కనున్న ఫారం తీసుకుంది. పెన్ను మూత కూడా తీసింది. ఆయన చెప్పినదాంట్లో తప్పేముంది? వాగుకి కావలసింది పైపు మూసెయ్యడం, భర్త పేరు కాదు. కానీ ఈ చేత్తోనే నలభై ఒక్క ఇళ్ళకి "రాలేదు" అని రాసింది. ఒకావిడ పురిటి పిల్లని ఎత్తుకుని, "ఇప్పుడు నేల పగలగొడితే ఈ పసిదాన్ని ఎక్కడ పడుకోబెట్టుకోనండీ, రెండు నెలలాగి రాయండి" అని బతిమాలింది. "నా చేతిలో లేదమ్మా" అని తల వంచుకుని రాసి వచ్చేసింది. ఆ తల్లి మొహం ఇప్పటికీ గుర్తే. ఇప్పుడు తన వంతు వచ్చేసరికి చేతిలో ఉందా?

"కొట్టెయ్యి" అంది. "నీ గడిలో వచ్చింది అని రాసుకున్నావుగా. నీ చేత్తోనే కొట్టెయ్యి."

ఆయన కొట్టేశాడు. ఆవిడ కింద "వెనక బాత్రూమ్, ఎరుపు, రాలేదు" అని రాసింది. "పైపు వేసినవారు" అన్న చోట భర్త పేరు రాసింది. అక్షరాలు వంకరపోయాయి గానీ, చదవడానికి బాగానే వచ్చాయి.

తర్వాత జరగాల్సినవి జరిగాయి. మూతలాయన తనంతట తానే వెళ్ళి ఇంజినీరమ్మకి ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆమె ఆయన్ని రంగు పనిలోంచి తీసి పంపుహౌస్‌లో వేసింది. ఆ సందుకి వేరే ఇద్దర్ని పంపించి ఇరవై రెండు ఇళ్ళూ ఇంకోసారి చూపించింది. తప్పిన ఇంటి నెంబరు, వేసిన మనిషి పేరు ఆఫీసు బయట బోర్డు మీద అతికించారు. సందంతా గుప్పుమంది. నిన్నటిదాకా ఆయన పనితనం గురించి ఊదరగొట్టినవాళ్ళే, "మా ఇంటికి ఏం అంటగట్టిపోయాడో" అంటూ రంగు పోసేవాళ్ళ వెనకాల తిరిగారు. ఇరవై రెండూ సరిగ్గా ఉన్నాయని తేలాక నోళ్ళు మూతపడ్డాయి. అయితే మాత్రం ఏం లాభం! టీచరమ్మ ఒకరోజు గేటు దగ్గర ఆగి, "పోన్లేమ్మా, జబ్బు మనిషి" అంది. జాలితోనే అంది. ఆ తర్వాత ఆ సందులో ఆయన ఊసెత్తినవాళ్ళు లేరు. మంచీ లేదు, చెడూ లేదు. ఆవిడకి అది రెండో చావులా అనిపించింది.

ఆదివారం పట్టపగలు పదింటికి మూతలాయన గునపం, తాపీ, సిమెంటు బస్తా తీసుకుని వచ్చాడు. ఎదురింటి వాకిట్లో నలుగురూ ఉన్నారు. ఆయన గుమ్మం బయట బొమ్మలా నిలబడిపోతే, ఆవిడ సందంతా వినబడేలా, "లోపలికి రా అన్నయ్యా, తలుపు తీసే ఉంది" అంది. వచ్చాడు. సాయంత్రం దాకా పనిచేశాడు. వెనక మురుగుని వీధివైపు తేవడానికి ఇల్లంతా తవ్వడం దండగని, వెనక గదినే మూసెయ్యమంది ఆవిడ. వాన పైపులోకి వెళ్ళే గొట్టానికి బిరడా బిగించి, కమోడ్ పీకి, నేల చదును చేసి సిమెంటు పూశాడు. ఇద్దరి మధ్యా పది మాటలు కూడా నడవలేదు. ఫోన్లో అయితే ఏదో ఒకటి అనుకునేవాళ్ళు. టీ ఇస్తే నిలబడే తాగాడు. కూర్చోమంటే, చేతులు మురికిగా ఉన్నాయన్నాడు. వెళ్ళేటప్పుడు, "పంపుహౌస్‌లో ఫోన్ అందదు, చెల్లెమ్మా" అన్నాడు. ఆవిడ తలూపింది.

పది రోజులకి ఇంజినీరమ్మ ఆఖరి తనిఖీకి వచ్చింది. ముందే వాన పైపు నోరు చూసి వచ్చిందట, పొడిగా ఉందని చెప్పింది. వాగు నీళ్ళ పరీక్ష కూడా మొదటిసారి నెగ్గిందంది. వెనక గదిలో సిమెంటుని బూటు కొసతో తట్టి చూసింది. తర్వాత వంటింటి బల్ల దగ్గర కుర్చీ లాక్కుని కూర్చుని, రెండేళ్ళ కిందటి ఫారం పక్కన పెట్టుకుని కొత్తది నింపడం మొదలెట్టింది.

"ఇంటి నెంబరు సరే. బాత్రూములు రెండు అని ఉంది, ఇప్పుడు ఒకటి. ఇంట్లో ఉండేవాళ్ళు ఇద్దరు..." ఆమె పెన్ను ఆపి చుట్టూ చూసింది. "ఇంకొకరు ఎవరండీ?"

ఆవిడ బల్ల మీది పాత ఫారం వంక చూసింది.

"ఎవరో పొరపాటున రాసినట్టున్నారు" అంది ఇంజినీరమ్మ.

"రాసింది నేనే."

ఇంజినీరమ్మ పాత ఫారం మీద తారీకు చూసింది. ఆవిడ భర్త ఏ ఏడాది పోయాడో, బోర్డు మీద అతికించిన కాగితంలో ఆమే రాసింది కాబట్టి, ఆమెకి తెలుసు. లెక్క వేసుకోవడానికి ఎంతోసేపు పట్టలేదు. ఆ తారీకు నాటికే ఆయన పోయి నాలుగేళ్ళు.

"మరి ఇప్పుడు ఎంతమందని రాయమంటారు, పిన్నిగారూ?"

"ఒక్కదాన్నే" అంది ఆవిడ. అన్నాక, ఎవరూ అడగకపోయినా ఇంకోసారి అంది. "ఒక్కదాన్నే ఉంటున్నాను."

ఇంజినీరమ్మ రాసి, ఫారం ఆవిడ వైపు తిప్పింది. ఆవిడ పెన్ను తీసుకుని, ఆ అంకె వంక కాసేపు చూసి, కింద సంతకం పెట్టింది.